పిల్ల బాగుంటుందని చదువు మాన్పించే అమ్మానాన్నలకు

ఈ ఏడాది పదో తరగతి పాసైన ఆడపిల్లల అమ్మానాన్నలకు,

నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మీలో చాలామందికి నేనెవరో తెలియదు. అయినా ఈ వేసవిలో మీ ఇంట్లో రాత్రి పూట, పిల్ల నిద్రపోయిందనుకున్నాక, ఏ మాటలు నడుస్తున్నాయో నాకు తెలుసు. ఒకప్పుడు మా ఇంట్లోనూ అవే మాటలు నడిచాయి. నేను నిద్రపోకుండా అన్నీ విన్నాను.

మార్కుల మెమోలు ఇచ్చిన రోజు ఒకమ్మాయి వాళ్లమ్మతో కలిసి స్కూలుకొచ్చింది. 600కి 561 వచ్చాయి. లెక్కల్లో 98. ఆరో తరగతిలో భిన్నాలు అర్థం కాక ఏడ్చిన పిల్ల, పదో తరగతికొచ్చేసరికి బోర్డు మీద నేను త్రికోణమితి లెక్క తప్పు చేస్తే చెయ్యెత్తి ఆపింది. ఆ రోజు ఇంటికెళ్లి ఎంత సంతోషపడ్డానో. "ఎంపీసీయేగా?" అని అడిగాను. పిల్ల తల వంచుకుంది. వాళ్లమ్మే చెప్పింది.

"ఇక చాల్లెండి మేడం. పిల్ల చూడ్డానికి కాస్త బాగుంటుంది కదా. రోజూ బస్సెక్కించి నరసరావుపేట పంపాలంటే మా ఆయనకి నిద్ర పట్టట్లేదు. మా ఆడపడుచు కొడుకున్నాడు, హైదరాబాద్‌లో పని చేస్తాడు. పిల్లని చూసి పైసా కట్నం వద్దన్నారు. వచ్చే ఏడు చేసేద్దామనుకుంటున్నాం."

అప్పుడు చూశాను పిల్లని సరిగ్గా. తల నిండా కొబ్బరినూనె, నుదుటి మీదికి కారేంత. ఎండాకాలంలో యూనిఫాం మీద వాళ్ల నాన్నదో అన్నదో ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ముఖానికి పెద్ద నల్ల ఫ్రేము కళ్లజోడు. పరీక్షలప్పుడు అది లేదు. "చూపు తగ్గిందా?" అని అడిగాను.

"లేదు మేడం. ఉత్తద్దాలే. సంతలో కొన్నాను. ఇది పెట్టుకుంటే ఎవరూ చూడరని..."

పదిహేనేళ్ల పిల్ల. తన ముఖాన్ని తానే దాచుకోవడం అప్పటికే నేర్చుకుంది. తన చదువు పోవడానికి కారణం తన ముఖమేనని ఒప్పేసుకుంది కూడా. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. రెండు రోజులు ఆగి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందుగా ఒక మాట. ఆ అమ్మ చెడ్డది కాదు. ఆ నాన్న మోటువాడు కాదు. మిరప కోతల్లో పిల్లని బడి మాన్పించి పొలానికి తీసుకుపోయే ఇళ్ల మధ్య, పదేళ్లు ఒక్క రోజు మాన్పించకుండా బడికి పంపిన మనుషులు వాళ్లు. మీరూ అంతేనని నా నమ్మకం. పిల్ల మీద ప్రేమ లేక ఎవరూ ఈ పని చేయరు. మా నాన్న కూడా నా మీద ప్రాణం పెట్టుకునే చేశాడు.

నా గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. చిన్నప్పటి నుంచి నన్ను అందరూ చక్కటి పిల్ల అనేవాళ్లు. దీని వల్ల నేను ఇబ్బంది పడ్డానని ఏ ఆడదైనా చెప్పుకుంటే వినేవాళ్లు గొప్పలు పోతోందనుకుంటారు. "అయ్యో పాపం, ఎంత కష్టం" అని మూతి తిప్పుతారు. అందుకే ఇది ఎవరితోనూ చెప్పుకోలేని బాధ. నలభై తొమ్మిదేళ్లకు మొదటిసారి రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

1992లో పది పాసై జూనియర్ కాలేజీలో చేరాను. మా ఊరి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. ఉదయం ఏడు నలభైకి పల్లెవెలుగు లాంటి ఎర్రబస్సు ఉండేది. దసరా సెలవులయ్యాక ఒకతను రోజూ అదే బస్సెక్కడం మొదలుపెట్టాడు. నా వెనక సీటు. దిగితే కాలేజీ గేటు దాకా వెనకే. ఒక రోజు నా లంచ్ బాక్సు సంచిలో కాగితం కనిపించింది. ఏముందో ఇప్పుడు గుర్తు లేదు, నాలుగు లైన్లు. చేతులు వణికాయి. తప్పు చేసినట్టనిపించింది. ఏం తప్పో తెలీదు. ఆ సాయంత్రం ఆ కాగితాన్ని తీసుకెళ్లి మా అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకి చెబితే సరిపోతుందనుకున్నాను.

మర్నాడు నన్ను బస్సెక్కనివ్వలేదు. ఆ తర్వాత ఏ రోజూ ఎక్కనివ్వలేదు.

అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ల నాన్న మా నాన్నకి తెలిసినవాడే. "వెళ్లి అడిగితే మన పిల్ల పేరే బయటికొస్తుంది" అన్నాడు నాన్న. అమ్మ అరిటాకు సామెత చెప్పింది. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదా అని. అతను మాత్రం అదే బస్సులో కాలేజీకి వెళ్లాడు. డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పుడెక్కడో స్థిరపడ్డాడు. నా పుస్తకాలు పాత చీరలో మూటగట్టి అటక మీద పెట్టారు.

రెండేళ్లు ఇంట్లో ఉన్నాను. రోజూ ఏడు నలభైకి బస్సు హారన్ వినిపించేది. ఆ టైముకి వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని, చప్పుడు చేసే పని. రోట్లో పచ్చడి నూరడమో, గిన్నెలు తోమడమో. వాకిట్లో నిలబడకూడదు, పూలు ఎక్కువ పెట్టుకోకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పైగా ప్రతి అమావాస్యకీ దిష్టి తీసేవాళ్లు. ఉప్పు, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోతే "చూశావా, ఎంత దిష్టి తగిలిందో" అని అమ్మ కళ్ల నీళ్లు పెట్టుకునేది. నాకు దిష్టి తీసింది గానీ, నా మూట అటక మీద నుంచి దించలేదు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్న పాఠం ఒకటే: ఏదైనా జరిగితే ఇంట్లో చెప్పకూడదు. చెబితే శిక్ష నాకే. ఇది నా ఒక్కదాని పాఠం కాదు. నన్ను చూసి మా వీధిలో నా కంటే చిన్న పిల్లలంతా నేర్చుకున్నారు. నాతో పాటు అదే బస్సెక్కిన ఇంకో అమ్మాయి, ఆ తర్వాత అతను తన వెంట పడినా ఇంట్లో నోరు విప్పలేదట. పెళ్లయ్యాక ఎప్పుడో నాతో చెప్పింది. "నీకైన గతే నాకూ అవుతుందని భయమేసిందే" అంది.

మీ పిల్లని కాపాడుతున్నామనుకుంటున్నారు కదా. ఆమెకి నిజంగా ఆపద వచ్చినప్పుడు మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చే దారిని ముందే మూసేస్తున్నారు. ఇరవై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్నాను. ఫోన్లో ఎవడో సతాయిస్తున్నాడని నా దగ్గరికొచ్చిన ఏ పిల్లయినా మొదట చెప్పే మాట "మేడం, మా ఇంట్లో చెప్పకండి". మొదటి మాటే అది. ఫోటో మార్ఫింగ్ చేసి బెదిరించేవాడికి కావలసింది కూడా ఆ భయమే. "మీ నాన్నకి పంపిస్తా" అనే బెదిరింపు ఎందుకు పనిచేస్తోందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక మా చెల్లెలి సంగతి. నాకు రెండేళ్లు చిన్నది. చామనఛాయ, ముక్కు కాస్త వెడల్పు. మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మాట్లాడటం చుట్టాలందరికీ అలవాటు. నా చదువు మాన్పించిన మా నాన్నే దాన్ని బీఎస్సీ దాకా చదివించాడు. ఎందుకో తెలుసా? "దీనికి ఉద్యోగం ఉంటేనే సంబంధం వస్తుంది" అని. దాని ముందే అనేవాడు. నాకేమో "నీకెందుకే చదువు, నీ మొహం చూసి కళ్లకద్దుకొని తీసుకుపోతారు" అనేవాడు. రెండూ ప్రేమతో అన్నవే. ఒకే నోటితో, ఒకే అరుగు మీద కూర్చుని.

అది చదువుకుంది, మంచి ఉద్యోగం తెచ్చుకుంది. నేను దాన్ని చూసి ఎన్ని రాత్రులు ఏడ్చానో దానికి తెలీదు. అది నన్ను చూసి ఎన్ని రాత్రులు ఏడ్చిందో మొన్నీమధ్య దాకా నాకూ తెలీదు. మా అమ్మ పెద్దకర్మ రోజు రాత్రి ఇద్దరం మేడ మీద పడుకుని మాట్లాడుకుంటే బయటపడింది. దానికి ఇప్పుడు నలభై ఏడు. ఇప్పటికీ ఏ ఫంక్షన్లో ఫోటో తీసినా వెళ్లి వెనక వరుసలో నిలబడుతుంది. ఒకసారి వాళ్ల ఆఫీసులో ఒకడు అసహ్యంగా మాట్లాడితే పైవాళ్లతో చెప్పిందట. "నీతోనా?" అని నవ్వారట. ఆ మాట దాన్ని అసలు జరిగినదానికంటే ఎక్కువ కోసింది.

నా విషయంలో "అందంగా ఉంది కాబట్టి జరిగింది" అన్నారు. దాని విషయంలో "అందంగా లేదు కాబట్టి జరిగి ఉండదు" అన్నారు. ఇద్దరిలో ఎవరి దగ్గరా ఆ మగాడు ఏం చేశాడన్నది ఎవరూ మాట్లాడలేదు.

నా పెళ్లి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏడు పెళ్లిచూపులు. "కాస్త నడిచి చూపించమ్మా" అన్నారు. ఒక పెద్దావిడ నా జడ పట్టుకుని లాగి చూసింది, సవరమేమోనని. ఏడింటిలో ఒక్కరు కూడా ఏం చదివావని అడగలేదు. చివరికి కట్నం లేకుండా చేశామని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. కట్నం వద్దన్నవాళ్లు ఊరికే వద్దనరని పెళ్లయ్యాక తెలిసింది. నా ముఖాన్ని చూసి కట్నం వదులుకున్నాం కాబట్టి ఆ ముఖం మీద అధికారం మాదే అన్నట్టు ఉండేది మా అత్తగారింట్లో. గుమ్మంలో నిలబడితే ఎందుకు, పాలబ్బాయితో రెండు మాటలెక్కువ మాట్లాడితే ఏమిటి, పేరంటానికి ఆ చీరే ఎందుకు. మా నాన్న కాపలా మా అత్తగారింటికి బదిలీ అయింది, అంతే. మా ఆయన మంచి మనిషి. మొదటి మూడేళ్లు ఆయన కూడా ఆ మాటల్లో కొట్టుకుపోయాడు. తర్వాత తనే అటక మీది మూట దింపించి నాతో ఇంటర్ ప్రైవేటుగా కట్టించాడు. డిగ్రీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చేశాను. ఇద్దరు పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని బీఈడీ చదివాను, డీఎస్సీ రాశాను. ఈ ఉత్తరం ఆయన చదివాడు. ఆ మూడేళ్ల సంగతి తీసేయమంటావా అని అడిగితే వద్దు, ఉండనీ అన్నాడు.

అందరికీ అలా మారే మనిషి దొరుకుతాడన్న నమ్మకం ఎవరిస్తారు? పెళ్లి చేస్తే భద్రమని మీరనుకుంటున్నారు. చేతిలో చదువు లేని, జీతం లేని పిల్లని అనుమానించే మొగుడి దగ్గర వదిలితే ఆమెకి ఏది భద్రం?

ఉద్యోగం వచ్చాక కూడా ఇది వదల్లేదు. బదిలీల్లో దగ్గరి స్కూలు వస్తే "మేడంకేం, అడిగితే కాదనేవాళ్లెవరు" అన్నారు స్టాఫ్ రూములో. పాయింట్ల లిస్టులో నా నంబరు గోడ మీద అంటించే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి ముదురు రంగు కాటన్ చీరలే కట్టాను, స్కూల్లో నవ్వడం తగ్గించాను. పిల్లలు నన్ను చాలా స్ట్రిక్ట్ అంటారు. నా స్వభావం అది కాదు. ఇప్పుడు జుట్టు నెరిసింది, ముఖం మీద మంగు వచ్చింది. పాతవాళ్లు కనిపిస్తే "అప్పట్లో ఎలా ఉండేదానివే!" అని పరామర్శకి వచ్చినట్టు మాట్లాడతారు. నేను నేర్పిన లెక్కల గురించి వాళ్లకి చెప్పాలనిపిస్తుంది.

మీ భయం ఉత్తదని నేననను. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ఆ నెలాఖరుకి చనిపోయింది. 2021 ఆగస్టు 15న గుంటూరులో బీటెక్ చదివే అమ్మాయిని పట్టపగలు నడిరోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడు. మా స్కూల్లో జెండా వందనం అయి ఇంటికొచ్చి టీవీ పెడితే ఆ వార్త. ఆ రోజు మా వీధిలో ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే టెన్షన్. మర్నాటి నుంచే ఆ పిల్ల ఫోటో గురించి, ఆమె ఫోన్ గురించి, ఆమె ఎవరితో మాట్లాడిందన్న దాని గురించి మాటలు మొదలయ్యాయి. కాదన్నందుకు చంపే హక్కు తనకుందని అనుకున్నవాడి గురించి ఎంత మాట్లాడాం? వాళ్లమ్మానాన్నలు వాడిని ఎలా పెంచారని ఎంతమంది అడిగాం?

ఇలాంటి వార్తలకి "అందమే శాపమైంది" అని పేరు పెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. యాసిడ్ సీసా పట్టుకొచ్చింది అందం కాదు, ఒక మనిషి. వాడికి పేరుంది, ఊరుంది, ఇల్లుంది.

వరంగల్ దాడి జరిగేనాటికి యాసిడ్ దాడికంటూ ప్రత్యేక సెక్షనే లేదు. వెంటపడటం నేరమని చట్టంలో రాసి లేదు. 1992లో మా నాన్న స్టేషన్‌కి వెళ్లి ఉంటే వాళ్లేం చేసేవాళ్లో నాకు తెలీదు. ఇప్పుడు అలా కాదు. 2013లో చట్టం మార్చారు. యాసిడ్ పోస్తే కనీసం పదేళ్లు జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. వద్దని చెప్పినా వెంటపడటం, ఫోన్లో, నెట్‌లో వదలకుండా సతాయించడం నేరమైంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా శిక్ష.

మీ పిల్లకి పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఇంకా గట్టి చట్టముంది. 2012 నాటి పోక్సో, పిల్లల మీద లైంగిక నేరాల కోసమే చేసిన చట్టం. చెడు ఉద్దేశంతో పిల్ల వెంట పదేపదే తిరగడం, చూస్తూ ఉండటం, ఫోన్ చేయడం, మెసేజ్‌లు పెట్టడం దాని కింద లైంగిక వేధింపే. మీరు భయపడేది స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుందని కదా. పిల్లని స్టేషన్‌కి తీసుకెళ్లక్కర్లేదు. ఆమె వాంగ్మూలాన్ని మీ ఇంట్లోనే, లేదా ఆమె కోరిన చోట తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు మహిళా అధికారే రావాలి. యూనిఫాంలో రాకూడదు. పిల్ల పేరు, ఫోటో, స్కూలు, ఊరు ఏ పేపర్లోనూ టీవీలోనూ రాకూడదు. ఇవన్నీ ఆ చట్టంలో రాసి ఉన్నాయి. మీరు అడగొచ్చు, అడగాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. అత్యవసరమైతే 112కి, మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయొచ్చు. ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930. తెలంగాణలో ఉంటే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు 2014 నుంచి ఈ పని మీదే ఉన్నాయి. అన్ని చోట్లా అందరు పోలీసులూ బాగా చూస్తారని నేను హామీ ఇవ్వలేను. తిరగాల్సి రావొచ్చు. పిల్ల కోసం ఎన్ని గుళ్లు తిరగలేదు మనం?

పదహారేళ్లకి పెళ్లి చేయడం నేరమని మీకు తెలిసే ఉంటుంది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి పైగా తేలారు. తెలంగాణలో 23 మందికి పైగా. వాళ్లలో ఎంతమంది "బాగుంటుంది కాబట్టి" చేసేసిన పెళ్లిళ్లో ఏ సర్వే లెక్క పెట్టదు. నా క్లాసు రిజిస్టర్లు చూస్తే నాకు తెలుస్తుంది. ఏటా ఒకరో ఇద్దరో. పేర్లు అన్నీ గుర్తున్నాయి.

పెనుగొండ వాసవి కథ మీకు తెలుసు. రాజు ఆమె అందం చూసి పిల్లనివ్వమన్నాడు. ఆ తండ్రి ఇచ్చేయలేదు. "నీ వల్లే ఈ ఆపద" అని కూతుర్ని అనలేదు. నూటరెండు గోత్రాల వాళ్లు ఆమె వెంట నడిచి అగ్నిగుండంలో దిగారని చెప్పుకుంటాం, ఆమెని అమ్మవారిగా కొలుస్తాం. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు అమ్మవారి మహిమ గురించే ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఆ నూటరెండు గోత్రాల వాళ్ల గురించి ఆలోచిస్తాను. ఒక పిల్లని ఒకడు బలవంతంగా కావాలన్నాడని అంతమంది పెద్దలు ఆమె పక్కన నిలబడ్డారు. నేను మిమ్మల్ని ఏ గుండంలోకీ దిగమనడం లేదు. బస్టాండు దాకా రమ్మంటున్నాను. అవసరమైతే ఎస్సై గారి గది దాకా, ఆ కుర్రాడి ఇంటి గుమ్మం దాకా. ఇద్దరు ముగ్గురు తండ్రులు కలిసి వెళ్లి, "అబ్బాయిని అదుపులో పెట్టుకోండి, లేదంటే కేసు పెడతాం" అని చెబితే చాలా వరకు అక్కడితో ఆగిపోతుంది. నేను చూశాను. మూడేళ్ల కిందట మా స్కూలు పిల్ల విషయంలో అలాగే ఆగింది. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీలో ఉంది.

నా చదువు ఆగి రెండేళ్లయ్యాక మా మేనత్త ఊరి నుంచి వచ్చింది. సంతకం కూడా రాని మనిషి. నన్ను చూసి, అటక వైపు చూసి, మా నాన్నతో అంది: "ఎలుకలున్నాయని ఇంటికి నిప్పెట్టుకుంటామా నాయనా?" నాన్న మాట్లాడలేదు. అప్పటికే సంబంధం ఖాయమైపోయింది. చనిపోయే ముందు, ఆసుపత్రి మంచం మీద, ఒకసారి నా చెయ్యి పట్టుకుని "నిన్ను చదివించి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. నేను అప్పటికే టీచర్‌ని. అయినా ఆ మాట ఆయన్ని అన్నేళ్లు తొలిచిందని అప్పుడే తెలిసింది. మీకు ఆ రోజు రాకూడదు.

మీ పిల్ల ముందు "నువ్వు బాగుంటావు కాబట్టే" అనే మాట అనకండి. పొగడ్తగా కూడా వద్దు. చదువు సంగతి మాట్లాడేటప్పుడు అసలే వద్దు. "ఏం జరిగినా మాకు చెప్పు, నీ చదువు మాత్రం ఆగదు" అని ఒక్కసారి, ఇద్దరూ కూర్చోబెట్టి చెప్పండి. అమ్మ ఒక్కతే చెబితే చాలదు. నాన్న నోటి నుంచి వినాలి పిల్ల. మగపిల్లాడుంటే వాడిని కూడా పక్కన కూర్చోబెట్టండి. వాడూ ఎవరో ఒకరి బస్సులో వెనక సీట్లో కూర్చునే కుర్రాడే.

ఇప్పుడు ఆంధ్రలో ఆడవాళ్లకి బస్సు ఉచితం, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉచితం. ఛార్జీల బాధ లేదు. రోజూ పంపే ధైర్యం లేకపోతే ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలున్నాయి, చాలాచోట్ల ఇంటర్ కూడా ఉంది. గురుకులాలున్నాయి. ఎక్కడ సీటుందో, ఏ కాగితాలు కావాలో మీ పిల్ల స్కూల్లో టీచర్లని అడగండి. వాళ్లు చెబుతారు.

నా క్లాసులో ఆ పిల్ల అమ్మానాన్నలు కూడా ఈ ఉత్తరం చదువుతారని అనుకుంటున్నాను. పేరు రాయలేదు, మీ ఊరు రాయలేదు. అన్నా, వదినా, మీతో నేరుగా ఒక మాట. ఎంపీసీ అప్లికేషన్ నేనే నింపి పెట్టాను. ఫోటో, తండ్రి సంతకం రెండే ఖాళీలు. ఆదివారం పొద్దున మీ ఇంటికొస్తాను. కాఫీ ఇవ్వకపోయినా పర్లేదు, అరుగు మీద కూర్చుంటాను. కాలేజీ తెరిచిన రోజు మీ ఊరి స్టేజీ దగ్గర నేనూ ఉంటాను. మొదటి వారమంతా అదే బస్సులో వస్తాను, ఆమె పక్క సీట్లో. నాకు స్కూలు తొమ్మిదింటికి. సరిపోతుంది.

ఫోటోకి మాత్రం ఆ కళ్లజోడు తీసేయమనండి.

ఇట్లు,
మీ పిల్లల లెక్కల టీచర్